బతుకమ్మ పూలు రెజిన్‌లో పోశాను, మూడు రోజులైనా చపాతీలా వంగుతోంది

స్వాతి_కరీంనగర్ | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చేరి ఆరు నెలలైంది గానీ ఇన్నాళ్లూ చదవడమే తప్ప రాయలేదు. ఇప్పుడు అవసరం పడింది.

మా చెల్లి న్యూజెర్సీలో ఉంటుంది. ఈసారి కూడా బతుకమ్మకు రాలేకపోయింది. సద్దుల రోజు అమ్మ బతుకమ్మ పేర్చాక తాంబాలంలో కొన్ని పూలు మిగిలాయి. గునుగు, తంగేడు, బంతి, రెండు చామంతులు. వాటిని రెజిన్‌లో పోసి, గోడకు తగిలించుకునే గుండ్రటి పలకలా చేసి దానికి పంపిద్దామనుకున్నా. 20 సెంటీమీటర్ల సిలికాన్ మోల్డు (అచ్చు), ఒక కిట్టు (గాజులా గట్టిపడే రెజిన్ అనే ద్రవం, దాన్ని గట్టిపరచడానికి కలిపే హార్డెనర్) తెప్పించా. వీడియోలు ఓ పది చూశా. గురువారం సాయంత్రం పోశా.

ఈరోజు ఆదివారం. వేలు పెడితే ముద్ర పడుతోంది. మోల్డులోంచి తీస్తే చపాతీలా వంగింది. బంతిపూలు గోధుమరంగుకు తిరిగి, చుట్టూ సన్నటి బుడగలు వచ్చాయి. తంగేడు మాత్రం పోసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

ఇంకో రెండు రోజులు ఆగితే గట్టిపడుతుందా? ఎండలో పెట్టనా? అమ్మ పొద్దున్నా సాయంత్రం వచ్చి "ఇంకా ఆరలేదా" అంటోంది. నాకేమో టెన్షన్‌గా ఉంది.


బంటి_98 | ఆదివారం, రాత్రి 9:52

అక్కా, ఫోన్ కవరుగా కోసుకోవచ్చేమో.


బీచ్‌రోడ్డు_లక్ష్మి | ఆదివారం, రాత్రి 10:15

బంటీ, నోరు మూసుకో.

స్వాతీ, మాది వైజాగ్. నాకు మొదటి ఏడాది ఇలాంటివి బోలెడు జరిగాయి. నా అనుభవంలో సగం తప్పులు గాలిలో తేమ వల్లే. వర్షం పడ్డ రోజు పోస్తే పైన జిడ్డులాంటి పొర కడుతుంది, తెల్లగా మసకబారుతుంది. హార్డెనర్ గాలిలోని తేమతో, బొగ్గుపులుసు వాయువుతో కలిసి అలా చేస్తుందట. అది కేవలం పైపొర. గోరువెచ్చని సబ్బునీళ్లతో తుడిస్తే పోతుంది. అందుకే నేను గదిలో తేమ చూపించే చిన్న మీటరు పెట్టుకున్నాను. 60 శాతం దాటితే ఆ రోజు సీసా మూత తియ్యను. వైజాగ్‌లో ఆ లెక్కన ఏడాదిలో ఎన్ని రోజులు పని దొరుకుతుందో మీరే ఊహించుకోండి. చివరికి ఏసీ గదిలోకి మారాను, మా ఆయన పడుకునే గది అది, దాని మీద వేరే కథ ఉంది.

కానీ మీది వంగుతోంది అంటున్నారు. తేమ వల్ల మొత్తం ముక్క వంగదు. వేరే ఏదో ఉంది.


చెక్కపని_రఫీ | ఆదివారం, రాత్రి 10:31

స్వాతి గారూ, నాలుగు సంగతులు చెప్పండి. సీసా మీద నిష్పత్తి ఎంత రాసి ఉంది? కొలిచారా, తూచారా? ఎంతసేపు కలిపారు? ఒకేసారి ఎంత పోశారు?

జిగురు అక్కడక్కడ మాత్రమే ఉంటే కలపడంలో లోపం. గ్లాసు అంచున, అడుగున అంటుకున్నది సరిగా కలవదు, పోసేటప్పుడు చివర్లో గీకి పోస్తాం చూడండి, అదే ముద్దగా ఒకచోట పడుతుంది. మొత్తం ముక్క ఒకేలా మెత్తగా ఉంటే అది కొలతలో లోపం. మీది రెండోదనిపిస్తోంది.


స్వాతి_కరీంనగర్ | ఆదివారం, రాత్రి 10:44

రఫీ గారూ, 2:1 అని ఉంది. కిచెన్ తూకం మీద పెట్టి 300 గ్రాములు రెజిన్, 150 గ్రాములు హార్డెనర్ వేశా. ఐదు నిమిషాలు ఫోన్‌లో టైమర్ పెట్టుకుని మరీ కలిపా. అంతా ఒకేసారి పోశా.

ఇంకోటి చెప్పాలి. త్వరగా గట్టిపడుతుందని చివర్లో హార్డెనర్ రెండు మూతలు ఎక్కువ వేశా. గట్టిపరిచేదే కదా అని.


చెక్కపని_రఫీ | ఆదివారం, రాత్రి 10:47

దొరికింది.

ఇప్పుడు ఆ సీసా తెచ్చుకుని, 2:1 పక్కన ఇంకేమైనా చిన్న అక్షరాల్లో ఉందేమో చూడండి.


స్వాతి_కరీంనగర్ | ఆదివారం, రాత్రి 10:58

ఉంది. కళ్లజోడు పెట్టుకుంటే గానీ కనిపించలేదు. "పరిమాణంలో 2:1, బరువులో 100:44." అంటే రెండూ ఒకటి కాదా?


కెమిస్ట్రీ_మాస్టారు | సోమవారం, ఉదయం 6:05

కాదమ్మా. మాది గుంటూరు, ముప్పై రెండేళ్లు ఇంటర్ పిల్లలకు రసాయన శాస్త్రం చెప్పినవాణ్ని. అలవాటు కొద్దీ కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపికున్నవాళ్లు చదవండి.

రెజిన్ నీళ్ల కంటే బరువు. ఒక మిల్లీలీటరు సుమారు 1.13 గ్రాములు తూగుతుంది. హార్డెనర్ దాదాపు నీళ్లంతే. కాబట్టి గ్లాసు గీతలతో రెండు పాళ్లు, ఒక పాలు కొలిస్తే, బరువులో అది 100కి 44 దగ్గర తేలుతుంది. మీరు 2:1ని తూకంలో పట్టారు. అంటే 100కి 50. పైగా రెండు మూతలు. మూత 10 గ్రాములు పట్టిందనుకున్నా 170 అయింది, అంటే 100కి 57 దాకా వెళ్లారు. ఉండాల్సిన దానికన్నా హార్డెనర్ దాదాపు 30 శాతం ఎక్కువ.

ఎక్కువైతే ఏమవుతుంది? కోలాటం అనుకోండి. ఒక్కొక్కరికీ జత కావాలి, కోలకు కోల తగలాలి. ఎపాక్సీ, అంటే మీరు వాడిన రకం రెజిన్, దాని అణువుల చివర హార్డెనర్ పట్టుకునే చోట్లు లెక్కగానే ఉంటాయి. ఆ చోట్లన్నీ నిండాక మిగిలిన హార్డెనర్‌కు జత లేదు. అది వలలో ముడి పడకుండా మధ్యలో నిలబడి ఉంటుంది, వల వదులవుతుంది. మీ చపాతీ అదే. హార్డెనర్ తక్కువైనా ఇదే గతి, అప్పుడు రెజిన్ వైపు జతలు మిగులుతాయి. అందుకే ఎక్కువ వేస్తే త్వరగా అవుతుందనేది పాలలో తోడు విషయంలో నిజం కావచ్చు గానీ ఇక్కడ కాదు.

మీ అమ్మగారికి ఇంకో మాట చెప్పండి. ఇది ఆరేది కాదు. రంగు ఆరుతుంది, వడియం ఆరుతుంది, అంటే లోపలి తడి గాలిలోకి పోతుంది. రెజిన్ నుంచి పోవాల్సింది ఏమీ లేదు, లోపలే ఒకదానితో ఒకటి కలిసి గట్టిపడుతుంది. అందుకే ఫ్యాన్ కింద పెట్టినా పని జరగదు. ఎండలో పెడితే వేడికి కొంచెం వేగం పెరుగుతుంది గానీ, లెక్క తప్పినదాన్ని ఎండ సరిచేయలేదు.


బీచ్‌రోడ్డు_లక్ష్మి | సోమవారం, ఉదయం 7:20

మాస్టారూ, నాలుగేళ్లుగా చేస్తున్నాను, ఈ కోలాటం ముక్క ఎవరూ చెప్పలేదు. నేను మొదటినుంచీ గీతల గ్లాసులే వాడాను కాబట్టి తెలియకుండానే బయటపడ్డానన్నమాట.


చెక్కపని_రఫీ | సోమవారం, ఉదయం 8:02

స్వాతి గారూ, బాధగా ఉన్నా చెప్పాలి, ఆ ముక్క ఇక బాగుపడదు. దాని మీద మంచి పొర పోస్తే పైన గట్టి పెంకు, కింద మెత్తదనం, కొన్నాళ్లకు పగుళ్లు. పైన మాత్రమే జిగురుగా ఉంటే ఆ ఉపాయం పనిచేసేది. చెత్తబుట్టలో వేసేయండి. మిగిలిన ద్రవాలు మాత్రం సింకులో పోయకండి. సరైన పాళ్లలో కలిపి గట్టిపడ్డాక చెత్తలో వేయాలి.

ఇంకో సంగతి. 470 గ్రాములు ఒకేసారి పోశానన్నారు. మీ అదృష్టం, వెడల్పాటి మోల్డు కాబట్టి వేడి పోయింది. నేను మొన్న మే నెలలో మామిడిచెక్క టేబుల్‌కు రెండు లీటర్లు ఒకే బకెట్‌లో కలిపి, ఫోన్ వస్తే పక్కన పెట్టా. వరంగల్‌లో ఆ రోజు 43 డిగ్రీలు. పావుగంటలో బకెట్ నుంచి పొగ, అడుగు మెత్తబడి ఒక పక్కకు ఒరిగిపోయింది. గ్లౌజులున్నా చెయ్యి కాలింది. బయట ఇసుక మీద పెట్టి దూరంగా నిలబడ్డాం. తెల్లారి చూస్తే పసుపుపచ్చ రాయి, పైనుంచి కిందికి పగిలి ఉంది. ఇప్పటికీ షెడ్డు గుమ్మం దగ్గర అడ్డురాయిగా వాడుతున్నా, మా కుర్రాళ్లకు గుర్తుండాలని.

ఈ కలయికలో వేడి పుడుతుంది. ఇరుకు గిన్నెలో ఎక్కువ ఉంటే ఆ వేడి బయటికి పోలేక ఇంకా వేగం పెంచుతుంది. అందుకే కలిపిన వెంటనే పోసెయ్యాలి, లోతు ఎక్కువైతే పొరలుగా పోయాలి. టేబుల్స్‌కు లోతుగా పోసే రకం రెజిన్ వేరే వస్తుంది, అది నెమ్మదిగా రెండు మూడు రోజులు తీసుకుంటుంది.


పెళ్లిదండ_హైమ | సోమవారం, ఉదయం 11:30

పూల సంగతి నేను చెప్తాను, నా పనే అది. హైదరాబాద్‌లో పెళ్లి దండలు రెజిన్‌లో భద్రపరిచి ఇస్తుంటాను.

స్వాతీ, బంతిపూలు పాడవడానికి రెజిన్ లెక్కతో సంబంధం లేదు. లెక్క సరిపోయినా అవి అలాగే అయ్యేవి. పువ్వు చేతికి ఎండినట్టే తగులుతుంది, బంతిలో మాత్రం ఆ రేకుల కింద పచ్చగా దొప్ప ఉంటుంది చూడండి, తడంతా అక్కడ దాక్కుంటుంది. ఆ తడే బుడగలైంది, ఆ తడికే గోధుమరంగు వచ్చింది. నా దగ్గరకు జనం పెళ్లయిన మర్నాడు ఫ్రిజ్‌లో పెట్టిన దండ తెచ్చి "వారంలో కావాలి" అంటారు. వారం ఎండబెట్టడానికే చాలదు తల్లీ అంటే నమ్మరు. మూడు వారాలు అంటాను, అయిదు పడుతుంది.

బంతిని విడదీయండి. రేకులు వేరుగా, నడుమ భాగం పారేయండి. రేకులు సిలికా జెల్‌లో (తేమ పీల్చే గింజలు) రెండు మూడు రోజులు, చామంతి మొత్తం పువ్వుగా కావాలంటే వారం. గాలి చొరని డబ్బాలో అడుగున గింజలు పోసి, పువ్వు నిలబెట్టి, చెంచాతో రేకుల మధ్యలోకి మెల్లగా పోయాలి. పైనుంచి గుమ్మరిస్తే అణిగిపోతుంది. తంగేడు మీకు పాడవకపోవడానికి కారణం రేకు పల్చన. పాత టెలిఫోన్ డైరెక్టరీలో పెట్టి పైన రుబ్బురోలు పొత్రం పెడితే పది రోజుల్లో కాగితంలా అవుతుంది. మూడు రోజులకోసారి పేజీ మార్చాలి.

ఇక గునుగు. ఇది దేవుడు రెజిన్ కోసమే పుట్టించాడేమో. పొలం గట్టున నిలబడే సగం ఎండుతుంది, రంగు పోదు, ఆకారం పోదు. తలకిందులుగా కట్టి దండెం మీద వేలాడదీస్తే చాలు. అన్ని పూలూ ఇలా ఉంటే నా వ్యాపారం సుఖంగా సాగేది. మల్లెపూలతో నా ప్రాణం పోతోంది. ఎలా ఎండబెట్టినా టీ రంగే.


స్వాతి_కరీంనగర్ | సోమవారం, మధ్యాహ్నం 1:10

హైమ గారూ, మేము గునుగుకు రంగులు అద్దుతాం. గులాబి, పచ్చ, నీలం. ఆ రంగు రెజిన్‌లోకి దిగుతుందా?


పెళ్లిదండ_హైమ | సోమవారం, మధ్యాహ్నం 1:25

ఒక్కో రంగు ఒక్కోలా. ఒక్క పువ్వును చిన్న మూతలో పోసి చూడండి, తర్వాతే పలక మీదకు వెళ్లండి. అన్నం మెతుకు పట్టి చూసినట్టు.


పచ్చని_చెట్టు | సోమవారం, సాయంత్రం 6:48

అందరూ తప్పుగా అనుకోకండి, ఒక మాట. బతుకమ్మ అంటేనే పూలను చెరువుకు ఇచ్చెయ్యడం. వాటిని తీసుకెళ్లి ప్లాస్టిక్‌లో పెట్టడం ఏమిటి? పువ్వు వాడిపోవాలి, మళ్లీ ఏడాది పూయాలి. ఈ రెజిన్ మళ్లీ కరగదు, మట్టిలో కలవదు. కీచైన్లు, కోస్టర్లు అంటూ ఇంటింటికీ ఒక కర్మాగారం పెట్టేశాం.


బీచ్‌రోడ్డు_లక్ష్మి | సోమవారం, సాయంత్రం 7:05

వచ్చారండీ.


స్వాతి_కరీంనగర్ | సోమవారం, సాయంత్రం 7:30

బతుకమ్మలో పేర్చిన పూలు కావండీ. అవన్నీ మానేరు నీళ్లలో కలిపాం. పళ్లెంలో మిగిలినవే ఇవి. అయినా నాకూ మొదట కొంచెం అనిపించింది, అమ్మను అడిగా. "మిగిలినవి ఊడ్చి పారేసేవే కదే, దానికి పంపితే తప్పేముంది" అంది.


కెమిస్ట్రీ_మాస్టారు | సోమవారం, రాత్రి 8:15

పచ్చని చెట్టు గారు అన్నదాంట్లో సగం ఒప్పుకుంటాను. గట్టిపడ్డ ఎపాక్సీ వేడి చేస్తే కరగదు, కాలుతుంది అంతే. మళ్లీ పోతపోసే దారి మన ఇళ్లలో లేదు. కాబట్టి పాడైన ప్రతి ముక్కా శాశ్వతమైన చెత్తే. తూకం సరిగ్గా పట్టమని నేను గొంతు చించుకునేది అందుకే.

రెజిన్ మనకు కొత్తేమీ కాదు, మన పాత రెజిన్ లక్క. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి (లేత్ యంత్రం) మీద తిప్పుతూ లక్క కర్రను ఆనిస్తే, ఆ రాపిడి వేడికి కరిగి రంగు పట్టుకుంటుంది. హైదరాబాద్ లాడ్ బజార్ గాజులదీ లక్కే. చిన్న పురుగు చెట్టుకొమ్మ మీద కట్టుకునే గూడు అది. వేడి చేస్తే మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది, ఎన్నిసార్లయినా. పాండవుల లక్క ఇల్లు అంత తేలిగ్గా అంటుకున్నది లక్క మండే సరుకు కాబట్టే, దుర్యోధనుడికి ఎపాక్సీ దొరకలేదు.

ఎపాక్సీ వయసు వందేళ్లు లేదు. స్విట్జర్లాండ్‌లో పియరీ కాస్టాన్ అనే రసాయన శాస్త్రవేత్త 1930ల్లో కట్టుడు పళ్ల కోసం చేసిన ప్రయత్నంలోంచి వచ్చింది. మన ఇళ్లలో విరిగిన కుర్చీకాలికి పూసే అరల్డైట్ ఆ వంశమే. రెండు ట్యూబులు కలిపి పుల్లతో రుద్దుతాం చూడండి, స్వాతి చేసిందీ అదే పని, కాస్త పెద్ద ఎత్తున.


బంటి_98 | సోమవారం, రాత్రి 8:21

మాస్టారూ, కట్టుడు పళ్ల నుంచి కోస్టర్ల దాకానా!


సింధు_టొరంటో | మంగళవారం, ఉదయం 8:40

ఎవరూ అడగలేదు గానీ స్వాతి గారూ, గ్లౌజులు వేసుకున్నారా?

నేను రెండేళ్లు ఉత్త చేతులతో చేశాను. వాసన రాలేదు కాబట్టి ప్రమాదం లేదనుకున్నా. ఇక్కడ చలికాలం బేస్‌మెంట్‌లో కిటికీలు మూసి పని. జిగురంటితే ఐపీఏ అనే ఆల్కహాల్ అద్దిన దూదితో చేతులు తుడుచుకునేదాన్ని. ఒకరోజు మణికట్టు మీద చిన్న పొక్కులు వచ్చాయి. గిన్నెలు తోమే సబ్బు అనుకుని సబ్బు మార్చా. తర్వాత కనురెప్పలు ఉబ్బాయి. ఐలైనర్ అనుకుని అదీ మానేశా. నాలుగు నెలలకు చర్మం డాక్టరు వీపు మీద వరసగా పట్టీలు అంటించి చూస్తే ఎపాక్సీ దగ్గర ఎర్రగా తేలింది. ఒంటికి ఒకసారి పడకపోతే ఇక జీవితాంతం పడదట. ఇప్పుడు ఎవరైనా కలుపుతున్న గదిలోకి వెళ్లినా మొహం మండుతుంది. మోల్డులు, రంగులు, యూవీ దీపం, అన్నీ పక్కింటి అమ్మాయికి ఇచ్చేశా. ఇచ్చేటప్పుడు గ్లౌజుల పెట్టె కూడా కొని ఇచ్చా.

నైట్రైల్ గ్లౌజులు వాడండి, పల్చటి రబ్బరువి కాదు. రెజిన్ అంటుకున్న జత అక్కడే మార్చెయ్యండి. ఒంటికి అంటితే సబ్బునీళ్లు, అంతే. ఆల్కహాల్, థిన్నర్ లాంటివి దాన్ని చర్మంలోకి ఇంకా లోపలికి పంపుతాయి. యూవీ రెజిన్ (ఆ దీపం వెలుగుకు గట్టిపడే రకం) వాడేవాళ్లు కూడా మాకేం కాదు అనుకోవద్దు, దాంతోనూ ఎలర్జీ వస్తుంది.


మోడరేటర్ | మంగళవారం, ఉదయం 9:15

సింధు గారి పోస్టును కొత్తవాళ్లకు కనిపించేలా పైన పిన్ చేస్తున్నాం. దానితో పాటు ఒక మాట. గుడ్డ మాస్కు, ఎన్95 దుమ్మును ఆపుతాయి, ఆవిరిని ఆపవు. కిటికీలు తెరవండి, ఎక్కువ పని చేసేవాళ్లు ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ (రసాయన ఆవిరిని పట్టే డబ్బా) ఉన్న మాస్కు తీసుకోండి. ఇసుక కాగితం పట్టేటప్పుడు నీళ్లతో తడిపి రుద్దండి, ఆ పొడి పీల్చకూడదు.


స్వాతి_కరీంనగర్ | మంగళవారం, మధ్యాహ్నం 2:00

సింధు గారూ, ఒక్క చేతికే వేసుకున్నా, ఫోన్ పట్టుకోవాలని. ఇప్పుడు భయమేస్తోంది. ఈసారి రెండు చేతులకూ.

మళ్లీ చేస్తాను. అమ్మ పొలం గట్టుకెళ్లి ఇంకో చేతినిండా గునుగు కోసుకొచ్చింది, దండెం మీద వేలాడుతోంది. తంగేడు పూలు కొన్ని డైరెక్టరీలో (మా ఇంట్లో లేదు, మామయ్య దగ్గర దొరికింది). సిలికా జెల్ ఆర్డర్ పెట్టా. నీలం గింజలా, నారింజ గింజలా?


కెమిస్ట్రీ_మాస్టారు | మంగళవారం, మధ్యాహ్నం 3:30

నారింజ. నీలంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది మంచిది కాదు. తేమ పీల్చాక రంగు మారుతుంది. ఓవెన్‌లో 110, 120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే మళ్లీ నారింజకు వస్తాయి, పారేయకండి. వంటకు వాడే పళ్లెంలో మాత్రం వద్దు.


చెక్కపని_రఫీ | మంగళవారం, రాత్రి 9:10

ఈసారి లెక్క నాతో వేయించుకోండి. మోల్డు 20 సెంటీమీటర్లు, అంటే వ్యాసార్ధం 10. పది ఇంటూ పది ఇంటూ 3.14 ఇంటూ లోతు. మొదటి పొర 3 మిల్లీమీటర్లు అనుకుంటే 95 మిల్లీలీటర్ల లోపే. తూకంలో రెజిన్ 73 గ్రాములు, హార్డెనర్ 32. మొత్తం 15 మిల్లీమీటర్ల మందానికి 470 మిల్లీలీటర్లు అవుతుంది, పూలు ఆక్రమించే చోటు పోను ఇంకా తగ్గుతుంది. నాలుగు పొరల్లో పూర్తిచేయండి.

మీ కిచెన్ తూకం ఒక గ్రాము తేడా చూపిస్తే ఇంత పరిమాణానికి ఫరవాలేదు. చెవిపోగుల్లాంటి చిన్నవాటికి మాత్రం బంగారం తూచే లాంటి చిన్న తూకం కావాలి, 5 గ్రాముల్లో ఒక గ్రాము తప్పితే ఇంకేముంది.

కలిపేటప్పుడు గుడ్డు గిలకొట్టినట్టు వద్దు. పుల్లను గోడకు ఆనించి నెమ్మదిగా తిప్పండి, అంచులు గీకండి, అడుగు గీకండి. మూడు నిమిషాలయ్యాక ఇంకో శుభ్రమైన గ్లాసులోకి వంచి, కొత్త పుల్లతో ఇంకో రెండు నిమిషాలు. మొదటి గ్లాసు అంచున అంటింది గీకి పోయకండి, అక్కడే వదిలేయండి. ఆ నాలుగు చుక్కలకు కక్కుర్తిపడితేనే జిగురు మచ్చలు. ఉదయం చల్లగా ఉంటే రెజిన్ సీసాను గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పది నిమిషాలు నిలబెట్టండి, పల్చబడి బుడగలు తేలిగ్గా పైకి వస్తాయి. మూత గట్టిగా పెట్టండి, ఒక్క నీటిచుక్క కూడా లోపలికి పోకూడదు.


పెళ్లిదండ_హైమ | మంగళవారం, రాత్రి 9:34

నావి రెండు మాటలు. ఎండిన పువ్వు పొరల్లో గాలి ఉంటుంది. పోసే ముందు కలిపిన రెజిన్‌ను సన్న కుంచెతో పువ్వుకు పూర్తిగా పట్టించండి, గునుగుకైతే మరీనూ. లేకపోతే రాత్రంతా ఒక్కో బుడగా వదులుతూ కూర్చుంటుంది.

రెండోది, మోల్డులో అడుగున ఉన్న వైపే రేపు ముందువైపు అవుతుంది. పూల మొహం కిందికి పెట్టాలి. మొదటి పొర బంకలా అయ్యాక, అంటే నాలుగైదు గంటలకు, పూలు బోర్లించి మెల్లగా నొక్కండి, అప్పుడు తేలవు. నేను తొలిరోజుల్లో ఒక పెళ్లికూతురి పేరు నిటారుగా రాసి పోశాను. తీసి చూస్తే అద్దంలో అక్షరాలు. ఆ అమ్మాయి మంచిది, నవ్వింది. వాళ్ల అత్తగారు నవ్వలేదు.


బీచ్‌రోడ్డు_లక్ష్మి | బుధవారం, ఉదయం 10:05

బుడగలకు హెయిర్ డ్రయ్యర్ వాడొద్దు, గదిలో దుమ్మంతా తెచ్చి మీద పోస్తుంది. హీట్ గన్ అయినా, చిన్న టార్చి లైటర్ అయినా ఒకచోట ఆపకుండా తిప్పుతూ పోవాలి. సిలికాన్ మోల్డు అంచు కాలితే తర్వాత ప్రతి ముక్కకీ ఆ మచ్చ వస్తుంది.

వేడి అంటే గుర్తొచ్చింది. నేను రెండేళ్ల క్రితం దీపావళికి రెజిన్ పళ్లేలు అమ్మాను, మధ్యలో ప్రమిదలు పెట్టుకోవచ్చని నేనే చెప్పాను. పండగ మర్నాడు నాలుగు ఫోన్లు. ప్రమిద అడుగున గుండ్రటి గుంట పడిందట. మామూలు రెజిన్ 50, 60 డిగ్రీలకే మెత్తబడుతుందని అప్పుడు తెలిసింది. నలుగురికీ డబ్బులు తిరిగిచ్చాను. పొగలు కక్కే టీ గ్లాసు పెట్టినా అంతే. తినేవి నేరుగా వడ్డించడం కూడా వద్దు, అలంకారానికి వాడుకోండి.


స్వాతి_కరీంనగర్ | పదిహేడు రోజుల తర్వాత, శనివారం, రాత్రి 10:20

పూర్తయింది!

మొదటి పొర పొద్దున ఏడింటికి. 73, 32. తూకం మీద అంకె 33 చూపిస్తే చేతులు వణికాయి, రఫీ గారూ, మీరే గుర్తొచ్చారు. పదకొండున్నరకు పుల్లతో తాకి చూస్తే తీగలా సాగింది. అమ్మను పిలిచా. పూలు తనే పెడతానంది. ఆమెకూ గ్లౌజులు తొడిగా, "ఇవేం పట్టింపులే" అని గొణిగింది గానీ తీయలేదు. బయట గునుగు వరుస, లోపల తంగేడు, ఆ లోపల బంతి రేకులు, నడుమ చామంతి. బతుకమ్మ పేర్చినట్టే చుట్టూ తిరుగుతూ పెట్టింది, కాకపోతే బోర్లా. నేనూ సాయం చేశా, రెండు తంగేళ్లు పెట్టా.

రెండు రోజుల్లో నాలుగు పొరలు. మూడు రోజులు ముట్టుకోలేదు. నిన్న మోల్డు వెనక్కి వలిస్తే టక్కుమని వచ్చింది. గోటితో కొడితే గాజులా మోగింది. అమ్మ కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూసింది, "తంగేడు రంగు పోలేదే" అంది.

లోపాలు కూడా చెప్పాలి కదా. గులాబి గునుగు రంగు కొద్దిగా దిగింది, చుట్టూ పొగలా ఉంది, ముందుగా మూతలో పోసి చూసినప్పుడు ఇలా కాలేదు. చామంతి పక్కన మూడు బుడగలు. ఒక తంగేడు మొహం తిప్పి పెట్టాం, వెనకవైపు కనిపిస్తోంది.


కెమిస్ట్రీ_మాస్టారు | ఆదివారం, ఉదయం 6:10

శభాష్. నేరుగా ఎండ తగిలే గోడకు వద్దని మీ చెల్లికి చెప్పండి. ఎంత మంచి రెజిన్ అయినా ఎండకు క్రమంగా పసుపు తిరుగుతుంది. పసుపు తిరగకుండా తయారీలో కలిపే రసాయనాలు దాన్ని ఆలస్యం చేస్తాయి, ఆపవు.


పచ్చని_చెట్టు | ఆదివారం, ఉదయం 9:00

నా అభిప్రాయం మారలేదు. కానీ మీ అమ్మగారు చుట్టూ తిరుగుతూ పేర్చిందన్న వాక్యం రెండుసార్లు చదివాను.


చెక్కపని_రఫీ | ఆదివారం, ఉదయం 9:40

తగిలించడానికి కొక్కెం ఎలా పెట్టారు? అర కిలో బరువు, అంటించే టేపును నమ్మొద్దు.


స్వాతి_కరీంనగర్ | రెండు వారాల తర్వాత, బుధవారం, రాత్రి 11:05

రఫీ గారూ, ఆలస్యానికి క్షమించండి. బావ డ్రిల్లుతో పై అంచున రంధ్రం వేశాడు. కింద చెక్క పెట్టి, తక్కువ వేగంలో, మధ్యమధ్యలో ఆపుతూ. తొందరపడితే వేడికి రంధ్రం లోపల మెత్తబడి మసకబారుతుందని మీ పాత పోస్టులో చదివా. ఒక పోగు జనపతాడు కట్టాం.

పిన్ని కొడుకు వెళ్తుంటే గోంగూర పచ్చడికీ కారప్పొడికీ మధ్య, రెండు తువ్వాళ్లలో చుట్టి పంపా. నిన్న చేరింది. చెల్లి వీడియో కాల్ చేసింది, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పలకను వెనక్కి తిప్పి చూసి, "అక్కా, ఈ తంగేడు ఒక్కటి తిరగబడింది, ఇది నువ్వే పెట్టావు కదూ" అంది.


బంటి_98 | గురువారం, ఉదయం 7:15

అక్కా, సూపర్. నేనూ కిట్టు కొన్నా, రాఖీలు చేద్దామని. 1:1 అని ఉంది. బరువులోనా, పరిమాణంలోనా రాయలేదు.


చెక్కపని_రఫీ | గురువారం, ఉదయం 7:40

అమ్మినవాళ్లను అడుగు తమ్ముడూ. చెప్పకపోతే రెండు మూతలు తీసుకుని, ఒకదాంట్లో పది పది గ్రాములు తూచి, ఇంకోదాంట్లో పది పది మిల్లీలీటర్లు కొలిచి కలిపి పోసి మూడు రోజులు ఆగు. ఏది గట్టిపడితే అది. గ్లౌజులు రెండు చేతులకూ.